పాత ఐ3 పీసీతో ఆర్కేడ్ క్యాబినెట్: ఏ ఫ్రంటెండ్ మేలు?

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న పాత ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10 మీద బిగ్‌బాక్స్ అనే ఫ్రంటెండ్ (ఆటలు ఎంచుకునే మెనూ ప్రోగ్రామ్) నత్తనడక నడుస్తోందనీ, కేఓఎఫ్ 98 (కింగ్ ఆఫ్ ఫైటర్స్ ఆట) తెరుచుకోవట్లేదనీ రాశారు. ఇవి రెండూ వేర్వేరు సమస్యలు, అన్నా.

బిగ్‌బాక్స్ వీడియోలతో, థీమ్‌లతో మెమరీ తినేస్తుంది, పైగా లైసెన్స్ కొనాలి. మీ మెషీన్‌కి బటోసెరా చాలు. అది ఫ్రంటెండ్‌నీ, ఎమ్యులేటర్లనీ (పాత ఆటల మెషీన్లని అనుకరించే ప్రోగ్రాములు) కలిపి ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్. ఉచితం, విండోస్‌ని కదిలించకుండా పెన్‌డ్రైవ్ నుంచే బూట్ అవుతుంది. 32 జీబీ యూఎస్‌బీ 3.0 డ్రైవ్‌లోకి ఎచర్ అనే ప్రోగ్రామ్‌తో బటోసెరా ఇమేజ్ ఫైల్ ఎక్కించండి (అందులో ముందున్నదంతా పోతుంది), పీసీ స్టార్టప్ సెట్టింగుల్లో సెక్యూర్ బూట్ ఆపేయండి. విండోస్ వదలనంటే అట్రాక్ట్ మోడ్ అనే ఫ్రంటెండ్ మెషీన్‌కి తేలిక, కానీ ఎమ్యులేటర్ సెట్టింగులన్నీ మీరే కూర్చుని పెట్టుకోవాలి.

అసలు తలనొప్పి రెండోది. ఫ్రంటెండ్ మార్చినా అది పోదు, ఎందుకంటే ఫ్రంటెండ్ ఆటల జాబితా చూపించి ఎమ్యులేటర్‌ని పిలుస్తుంది, అంతే. రోమ్ సెట్ (ఆటల జిప్ ఫైళ్ల కట్ట) ఎమ్యులేటర్ వెర్షన్‌కి సరిపోవాలి: మేమ్ 2003 అనే ఎమ్యులేటర్ కోర్‌కి మేమ్ 0.78 సెట్, ఎఫ్‌బీనియో అనే ఇంకో ఎమ్యులేటర్‌కి దాని కొత్త సెట్. కేఓఎఫ్ 98 నియోజియో అనే ఆర్కేడ్ మెషీన్ ఆట కాబట్టి, ఆ మెషీన్‌ని మొదలుపెట్టే బయోస్ ఫైళ్ల జిప్ కూడా అదే ఫోల్డర్‌లో ఉండాలి. జిప్‌లని విప్పొద్దు, పేర్లు మార్చొద్దు. స్ప్లిట్ సెట్ (ఒక్కో జిప్‌లో ఆ వెర్షన్‌కి తేడా ఉన్న ఫైళ్లే ఉండేది) అయితే క్లోన్ ఆటకి, అంటే అదే ఆట ఇంకో వెర్షన్‌కి, పేరెంట్ (అసలు ఆట) జిప్ కూడా కావాలి. ఈ గొడవ వద్దనుకుంటే ప్రతి జిప్‌లో ఆ ఆట ఫైళ్లన్నీ ఉండే నాన్‌మెర్జ్‌డ్ సెట్ తీసుకోండి, డిస్క్ మీద చోటు మాత్రం ఎక్కువ పడుతుంది.

ఇద్దరికీ ఒకే రకం యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డులు (బటన్లని, జాయ్‌స్టిక్‌ని పీసీకి కలిపేవి) పెడితే ప్లేయర్ 1, 2 తారుమారవుతుంటాయి. ఏ బోర్డు ఏ పోర్టులో ఉందో మార్కర్‌తో గుర్తు పెట్టి, మళ్లీ కదపకండి.