ఫీజు కట్టేముందు ఒక రీము కాగితం

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. ఇంటర్ అయిపోయింది, సినిమాల్లోని వీఎఫ్ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్) నేర్చుకుంటాను, ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చేరమంటావు అని అడిగావు. చేరమనే చెబుతాను, కానీ ఇప్పుడే కాదు. మీ నాన్న చేత లక్షలు కట్టించేముందు నువ్వు 60 రోజులు, ఒక రీము తెల్లకాగితం, నాలుగు పెన్సిళ్లు ఖర్చుపెట్టు. సాఫ్ట్‌వేర్ బటన్లు ఆరు నెలల్లో వచ్చేస్తాయి. చూపు మాత్రం అంత తొందరగా రాదు. ఆ చూపు లేకుండా బటన్లు మాత్రమే నేర్చుకున్నవాళ్లే సర్టిఫికెట్ పట్టుకుని స్టూడియోల చుట్టూ తిరుగుతుంటారు. నువ్వు ఆ వరసలో నిలబడకూడదని ఈ ఉత్తరం.

రీములో 500 కాగితాలుంటాయి. రోజుకు 8 చొప్పున రెండు నెలల్లో దాదాపు అయిపోతాయి. హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్లు చాలు. రబ్బరు ఇంట్లోనే వదిలెయ్యి. రోజూ మొదటి రెండు కాగితాలు గీతలకు, డబ్బాలకు, దీర్ఘవృత్తాలకు. బిందె మూతి, గ్లాసు మూతి, సైకిల్ చక్రం పక్కనుంచి చూస్తే కనిపించే ఆకారం అదే. గీసినప్పుడు దాని రెండు కొసలూ నిమ్మకాయ మొనల్లా వాడిగా వస్తున్నాయంటే మణికట్టుతో గీస్తున్నావన్నమాట. చెయ్యి భుజం దగ్గర్నుంచి కదలాలి. పెన్సిల్‌ను ముందు గాల్లో రెండుమూడు చుట్లు తిప్పి, ఆ ఊపులోనే కాగితానికి ఆనించు.

తర్వాతి నాలుగు కాగితాలు మనుషులకు. బస్టాండులోనో రైతుబజారులోనో కూర్చో. ఒక్కొక్కరికి 30 సెకన్లే. ముఖాల జోలికి పోవద్దు. బరువు ఏ కాలి మీద ఉంది, భుజాల గీత ఎటు వాలింది, నడుము గీత ఎటు వాలింది, ఈ మూడే పట్టుకో. కుడిచేతిలో కూరగాయల సంచి ఉంటే ఒళ్లు ఎడమకు ఒరుగుతుంది. ఆ ఒరుగుదల గీతలో కనిపించకపోతే సంచిలో బరువు లేనట్టే ఉంటుంది. మిగిలిన రెండు కాగితాలు రాత్రి ఇంట్లో, ఒకే దీపం కింద పెట్టిన ఒక వస్తువుకు. ఉల్లిపాయ, చెంబు, చెప్పు, ఏదైనా సరే, 20 నిమిషాలు చూసి వెయ్యి. వస్తువు నేలకు ఆనేచోట సన్నగా, అన్నిటికంటే చిక్కగా ఒక నీడ ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకో, తర్వాత దానితో చాలా పని ఉంది.

సినిమా హీరోల ఫొటోలు ముందు పెట్టుకుని, వేలితో రుద్ది షేడింగ్ చేయడం మాత్రం మానెయ్యి. ఇంటికొచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. స్టూడియోలో చూసేవాళ్లకు నీకు ఆకారం తెలుసో లేదో దాన్నిబట్టి తెలియదు.

నెల గడిచాక కంప్యూటర్ మీద ఒకే ఒక్క పరీక్ష పెట్టుకో, బంతి ఎగరడం. బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో చెయ్యి, అది ఉచితం. ఉచితం కదా అని చిన్నచూపు చూడకు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న ‘ఫ్లో’ను బ్లెండర్‌లోనే చేశారు. సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు పెట్టుకో. ఒక ఫ్రేము నుంచి తర్వాతి ఫ్రేముకు బంతి జరిగే దూరం పైకి వెళ్లినచోట తక్కువగా, నేలకు దగ్గరవుతున్నకొద్దీ ఎక్కువగా ఉండాలి. కొత్తవాళ్లు అన్నిచోట్లా సమానంగా పెడతారు, అందుకే బంతి నీళ్లలో తేలినట్టుంటుంది. నేలకు తగిలిన ఆ ఒక్క ఫ్రేములోనే నొక్కుకుపోవాలి, అంతకుముందు ఫ్రేములో నిలువుగా సాగాలి. ప్రతి ఎగురులోనూ ఎత్తు తగ్గుతుంది కాబట్టి ఎగురుకు పట్టే సమయమూ తగ్గాలి. ఈ రెండోది మర్చిపోతుంటారు. ఇదే బంతిని ఒకసారి రబ్బరు బంతిలా, ఒకసారి ఇనపగుండులా చేసి చూడు. రాత్రి పొద్దుపోయినా తెలియకుండా దీని మీదే కూర్చున్నావంటే నీ దారి యానిమేషన్. విసుగు పుట్టిందా, మంచిదే, కంపోజిటింగ్ వైపు, అంటే విడివిడిగా తీసిన బొమ్మలను ఒకే సీన్‌గా అతికే పని వైపు వెళ్లు. రెండూ ఒకే కోర్సులో నేర్పిస్తామంటారు గానీ ఉద్యోగం ఒక్కదానికే ఇస్తారు.

నీ మాటల్నిబట్టి నీకు నచ్చేది ‘తీసిన సీన్లో లేనిదాన్ని పెట్టడం, ఉన్నదాన్ని తీసెయ్యడం’ అనుకుంటున్నాను. అది కంపోజిటింగే. ఆ ఇంటికి వీధి తలుపు రోటో, కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

రోటో అంటే కదిలే బొమ్మలో ఒక మనిషినో వస్తువునో గీత గీసి వేరుచేయడం. ఆ గీతతో వచ్చే తెలుపు నలుపు బొమ్మను మ్యాట్ అంటారు. సాధనకు మీ తమ్ముణ్ణి గోడ ముందు ఇటునుంచి అటు నడిపించి ఫోనులో 4 సెకన్లు తియ్యి. 24 ఫ్రేముల లెక్కన 96 ఫ్రేములు. మొదటి తప్పు ఎలా ఉంటుందో ముందే చెబుతాను. మనిషి చుట్టూ ఒకే గీత గీసి, ఫ్రేము ఫ్రేముకూ సర్దుతూ పోతారు. అలా చేస్తే ప్లే చేసినప్పుడు అంచు పురుగులు పాకినట్టు వణుకుతుంది. మనిషిని ముక్కలుగా చూడాలి. తల, మెడ, మొండెం, పైచెయ్యి, ముంజెయ్యి, అరచెయ్యి, తొడ, పిక్క, పాదం, ఒక్కోదానికి ఒక్కో ఆకారం. ఒకదాని మీదకు ఇంకొకటి కొంచెం ఎక్కి ఉండాలి, లేకపోతే కీలు దగ్గర చిల్లు పడుతుంది. ఆకారానికి ఎంత తక్కువ బిందువులు పెడితే అంత నిలకడ. ముంజేతికి 8 బిందువులతో పనైపోయేచోట 25 పెట్టావంటే ఆ 25నీ ప్రతి కీఫ్రేములో, అంటే నువ్వు చేత్తో ఆకారం సర్దిన ప్రతి ఫ్రేములో, నువ్వే మొయ్యాలి.

ముందు ట్రాకింగ్ చేసి, అంటే వస్తువు కదలికను సాఫ్ట్‌వేర్‌తో వెంబడింపజేసి, ఆకారాన్ని దానికి కట్టు. పెద్ద కదలిక ట్రాక్ చూసుకుంటుంది, నువ్వు చిన్న తేడాలే సర్దుతావు. కీఫ్రేములు వరసగా 1, 2, 3 అని వెయ్యొద్దు. కదలిక మలుపు తిరిగేచోట వెయ్యి, అంటే మడమ నేలకు తగిలిన ఫ్రేము, మోకాలు బాగా వంగిన ఫ్రేము, చెయ్యి ఊగి ఆగిన ఫ్రేము. తర్వాత వాటి మధ్య ఫ్రేముకు వెళ్లి సర్దు, మళ్లీ సగానికి. చాలాచోట్ల మూడో విడతకే కుదిరిపోతుంది. బస్టాండులో 30 సెకన్ల బొమ్మలు ఎందుకు వెయ్యమన్నానో ఇక్కడ అర్థమవుతుంది. కదలిక ఎక్కడ మలుపు తిరుగుతుందో అప్పటికే నీ కంటికి తెలిసి ఉంటుంది.

వేగంగా ఊగే చెయ్యి మసకగా కనిపిస్తుంది. ఆ మసక బయటి అంచున గీస్తే వెనక గోడ కూడా చేతితోపాటు వచ్చేస్తుంది. గీత మసకకు సరిగ్గా మధ్యలో పడాలి, మిగతా మసకను సాఫ్ట్‌వేర్‌లోని మోషన్ బ్లర్‌తో (కదలిక మసకను తెప్పించే సౌకర్యంతో) తెప్పించాలి. సినిమా కెమెరాలో మామూలుగా 180 డిగ్రీల షట్టర్ వాడతారు, అంటే సెకనుకు 24 ఫ్రేములు తీసేటప్పుడు ఒక్కో ఫ్రేముకు షట్టర్ సెకనులో 48వ వంతు తెరిచి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఫ్రేములో సగం పెట్టుకో. జుట్టును వెంట్రుక వెంట్రుకగా గీస్తూ కూర్చోవద్దు. లోపలి గట్టి భాగానికి రోటో చేసి, చెదిరిన పోగులను రంగు తేడాతోనో వెలుగు తేడాతోనో విడదియ్యి. పని అయిందనుకున్నాక మనిషి వెనక చిక్కటి ఎరుపు రంగు పెట్టి ప్లే చెయ్యి. తర్వాత మ్యాట్ ఒక్కదాన్నే తెలుపు నలుపులో చూడు. ఆగిన ఫ్రేములో దొరకని తప్పులు కదిలేటప్పుడు దొరుకుతాయి.

దీని తర్వాత మెట్టు పెయింట్, అంటే ఫ్రేములో అక్కర్లేనిదాన్ని చెరిపి ఆ చోటు పూడ్చడం. మన సినిమాల్లో నటులను వైర్లతో వేలాడదీసి తీసే రోప్ ఫైట్లకు కొదవలేదు, కాబట్టి వైర్లు చెరిపే పనికీ కొదవలేదు. వైరు ఉన్నచోట పక్క ఫ్రేము నుంచో, మనిషి లేకుండా తీసిన క్లీన్ ప్లేట్ నుంచో అతుకు తెచ్చి వేస్తారు. ఎక్కువగా జరిగే తప్పు, ఒక్క ఫ్రేము అతుకును అన్ని ఫ్రేములకూ పెట్టెయ్యడం. చుట్టూ గ్రెయిన్ (బొమ్మలో కనిపించే సన్నటి నలుసులు) కదులుతుంటే ఆ అతుకులో మాత్రం గడ్డకట్టినట్టు ఆగి కనిపిస్తుంది. ముందు అతుకులోని గ్రెయిన్ తీసేసి, ప్లేట్‌కు, అంటే కెమెరాతో తీసిన అసలు షాటుకు, సరిపడే గ్రెయిన్ చివర్లో మళ్లీ వెయ్యాలి.

కంప్‌కు (కంపోజిటింగ్‌ను ముద్దుగా అలా అంటారు) వచ్చేసరికి మూడు సంగతులు గుర్తుపెట్టుకో. పెట్టిన వస్తువులోని నలుపు, ప్లేట్‌లోని నలుపు ఒకటి కావాలి. కంటితో నమ్మకుండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లను విడివిడిగా తెరిచి చూడు. రంగులో కలిసిపోయినట్టున్న వస్తువు తేడా నీలం చానెల్‌లో బయటపడుతుంది. రెండోది, అంచుల చుట్టూ నల్లటి గీత కనిపిస్తే చాలామంది అంచును కోసేస్తారు. అసలు కారణం సాధారణంగా ప్రీమల్టిప్లై తేడా, అంటే రంగును మ్యాట్‌తో ముందే గుణించి ఉండటంలో వచ్చే తేడా. రంగు సరిచేసేముందు అన్‌ప్రీమల్ట్ చేసి (ఆ గుణకారాన్ని విప్పి), సరిచేశాక మళ్లీ ప్రీమల్ట్ చెయ్యాలి. మూడోది, ఆనేచోట నీడ. అది లేకపోతే ఎంత ఖరీదైన మోడల్ అయినా గాల్లో తేలుతుంది. చెంబు కింద నువ్వు వెతికిన నీడే ఇది.

పెద్ద స్టూడియోల్లో కంప్ ఎక్కువగా న్యూక్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు. దాని నాన్‌కమర్షియల్ వెర్షన్ ఉచితంగా దొరుకుతుంది, రెండరు కొలత 1920 బై 1080 దాటనివ్వదు, నేర్చుకోవడానికి అది చాలు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లోనూ కంప్ చేసుకునే ఫ్యూజన్ ఉంటుంది. కంప్యూటర్‌కు 16 జీబీ ర్యామ్ తప్పనిసరి, 32 అయితే హాయి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీ, రంగులు సరిగా చూపే ఐపీఎస్ మానిటర్ చూసుకో. పెన్ ట్యాబ్లెట్ చిన్నది అయిదు వేల లోపే వస్తుంది. రోజంతా మౌస్‌తోనే రోటో చేస్తే మణికట్టు మొరాయించొచ్చు.

ఇక ఇన్‌స్టిట్యూట్. పోస్టర్ మీది సినిమా బొమ్మలు చూసి చేరవద్దు. వెళ్లి నాలుగు అడుగు. పాఠం చెప్పేవాళ్లు చివరిసారి స్టూడియోలో ఎప్పుడు పనిచేశారు? ల్యాబులో ఒక్కొక్కరికి ఒక్కో సిస్టమ్ ఉందా, క్లాసు అయ్యాక కూర్చోనిస్తారా? పోయిన బ్యాచ్‌లో మొదటివాడి రీలు (చేసిన పనిని చూపించే చిన్న వీడియో) కాదు, మామూలు విద్యార్థి రీలు చూపిస్తారా? ఒకరోజు క్లాసులో కూర్చోనిస్తారా? వీటికి జవాబు దాటవేస్తే మర్యాదగా లేచి వచ్చెయ్యి. ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అని నోటితో అంటారు, కాగితంలో ‘ప్లేస్‌మెంట్ సహాయం’ అని ఉంటుంది. ఆ రెంటికీ చాలా దూరం. ఫీజుకు అక్కడే లోన్ ఇప్పిస్తామంటే మీ నాన్నను సంతకం పెట్టనివ్వకు. మధ్యలో కోర్సు మానేసినా ఆ కిస్తీలు ఆగవు. నెలనెలా కట్టించుకునేచోటే చేరు. కోర్సుతోపాటు డిగ్రీ కూడా ఇస్తామంటే ఏ యూనివర్సిటీదో పేరు రాయించుకుని, యూనివర్సిటీలను గుర్తించే యూజీసీ జాబితాలో వెతుకు.

డిగ్రీ అనవసరమని నేననను. రేపు విదేశీ స్టూడియోలో అవకాశం వస్తే వీసా దగ్గర డిగ్రీ అడగొచ్చు. డ్రాయింగ్ మీద నీకు మనసు కుదిరితే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో (జేఎన్ఏఎఫ్ఏయూ) నాలుగేళ్ల బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది, అప్లయిడ్ ఆర్ట్, యానిమేషన్ లాంటి విభాగాలున్నాయి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. డిజైన్ వైపు చూస్తే ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్‌కు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్‌కు ఎన్ఐడీల ప్రవేశ పరీక్ష డాట్ రాయాలి. రెండింటిలోనూ బొమ్మ వెయ్యమంటారు. అంటే ఆ రీము కాగితం ఎటుపోయినా వృథా కాదు. ఇంట్లో డబ్బు ఇబ్బందిగా ఉంటే ఐటీఐలో మల్టీమీడియా యానిమేషన్ అండ్ స్పెషల్ ఎఫెక్ట్స్ అనే ఏడాది ట్రేడ్ ఉంది, పదో తరగతి చాలు. ఫీజు తక్కువ. మిగతాది నీ సాధన మీద పెట్టుకోవాలి.

రీలు 60 నుంచి 90 సెకన్లు దాటకూడదు. అన్నిటికంటే మంచి షాటు మొదటే పెట్టు, చూసేవాళ్లు 10 సెకన్లలో నిర్ణయానికి వస్తారు. ప్రతి షాటుకూ ముందు ప్లేట్, తర్వాత మ్యాట్, తర్వాత పూర్తయిన బొమ్మ చూపించు. నువ్వు ఏం చేశావో కింద ఒక ముక్క రాయి. రోటో ఉద్యోగానికి వెళ్తూ అందులో లోగో యానిమేషన్లు, పెళ్లి వీడియోలు కలపవద్దు. ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన ఫుటేజీతో క్లాసంతా ఒకే షాటు చేసి ఉంటారు, రీలు చూసేవాళ్లకు అది కంఠతా వచ్చేసి ఉంటుంది. మీ తమ్ముడి నడకే దానికంటే నయం. రెండు బలహీనమైన షాట్లు తీసేసి 40 సెకన్లకు కుదించినా నష్టం లేదు.

స్టూడియోలో టెస్టు షాటు ఇస్తే ముందే పని మొదలుపెట్టకుండా మొత్తం మూడుసార్లు ప్లే చేసి చూడు, అర్థంకానిది అడుగు. ఫైలును వి001, వి002 అని వరసగా సేవ్ చెయ్యి. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’ అనే పేర్లు చూడగానే పని తెలియదని పట్టేస్తారు. ఉద్యోగం వచ్చాక విడుదల కాని సినిమా ఫ్రేము ఒక్కటి కూడా, స్నేహితులకు సరదాకైనా, ఫోనులో పంపవద్దు. ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంటావు, ఉద్యోగంతోపాటు పేరు కూడా పోతుంది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఈ పని మనదగ్గరకు చాలావరకు బయటి దేశాల నుంచి వస్తుంది. 2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు, నటులు 118 రోజులు సమ్మె చేస్తే ఇక్కడి స్టూడియోల్లోనూ పని తగ్గింది. దానికితోడు ఇప్పుడు ఏఐతో తేలికపాటి రోటో దానంతటదే అయిపోతోంది. అందుకే రోటోలో రెండేళ్లకు మించి ఉండిపోకు. యంత్రం ఇచ్చిన మ్యాట్‌లో అంచు ఎక్కడ మినుకుమంటోందో, వేళ్ల సందుల్లో ఎక్కడ పూడుకుపోయిందో చూసి సరిచేయడం మొదటి నెల నుంచే నేర్చుకో. సాయంత్రాలు కంప్ సాధన చెయ్యి. ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు ఎప్పుడూ పక్కన ఉంచుకో.

60 రోజులూ అయ్యాక ఆ కాగితాల కట్ట, బంతి క్లిప్పు, తమ్ముడి 96 ఫ్రేములు పట్టుకుని ఇంటికి రా. కాగితాల మీద తేదీలు వెయ్యడం మర్చిపోకు. మొదటివారంవి, చివరివారంవి పక్కపక్కన పెట్టి చూసి, ఎక్కడ చేరాలో అప్పుడు మీ నాన్నతో కూర్చుని తేలుద్దాం. ఈలోగా సీట్లు అయిపోతాయని ఫోన్లు చేస్తారు. కంగారుపడకు, కొత్త బ్యాచ్ మళ్లీ మొదలవుతుంది.

అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య