చేతి పంపు గాలి మీద ప్రాణం పెట్టకండి

ప్రశ్న: బారువ దగ్గర మునిగిన పాత ఓడను చూడాలని స్కూబా డైవింగ్ నేర్చుకుంటున్నాను. మెయిన్ సిలిండర్ మొరాయిస్తే అక్కరకొస్తుందని ఆన్‌లైన్‌లో అర లీటరు మినీ సిలిండర్ చూశాను. పది నిమిషాలు వస్తుందట. చేతి పంపుతో నింపుకోవచ్చు, ప్రెషర్ యాప్‌లో కనిపిస్తుంది. కొనమంటారా?
- ఓ పాఠకుడు, సోంపేట

జవాబు: వద్దు. ఈ మినీ సిలిండర్ల గురించి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, ఆ 'పది నిమిషాలు' అందరినీ పడేస్తోంది.

అర లీటరు సిలిండర్‌ను 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత, ఒడ్డు మీద దాదాపు 1) వరకు నింపితే దొరికేది 100 లీటర్ల గాలి. టెన్షన్‌లో ఉన్న మనిషి ఒడ్డు మీదే నిమిషానికి 30 లీటర్లు పీల్చేస్తాడు. 18 మీటర్ల లోతులో ఒత్తిడి 2.8 బార్, గాలి ఖర్చూ అన్ని రెట్లు కాబట్టి అక్కడ నిమిషానికి 84 లీటర్లు కావాలి. అంటే నిమిషం దాటగానే ఖాళీ! తేరుకోవడానికి ఒక నిమిషం, నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికి రెండు, 5 మీటర్ల దగ్గర భద్రత కోసం ఆగడానికి మూడు వేసుకోండి. దాదాపు 330 లీటర్లు అవుతుంది. 2 లీటర్ల పోనీ బాటిల్‌లో (అత్యవసరానికి వెంట తీసుకెళ్లే అదనపు చిన్న సిలిండర్) 400 ఉంటుంది, 3 లీటర్లదైతే ఇంకా నిశ్చింత. దానికి సొంత రెగ్యులేటర్ (ఒత్తిడి తగ్గించి నోటికి గాలి అందించే పరికరం), ముల్లు తిరిగే ప్రెషర్ గేజ్ ఉండాలి.

యాప్ సంగతి చూస్తే ఒళ్లు మండుతుంది. బ్లూటూత్ సిగ్నల్‌ను నీళ్లు ఇట్టే మింగేస్తాయి, పైగా ఫోన్ ఒడ్డున సంచిలో ఉంటుంది. గేజ్ ఖర్చు మిగుల్చుకుని, దాని బదులు లాగిన్, లొకేషన్, కాంటాక్టులు అడిగే యాప్ అంటగట్టడం ఏం డిజైన్? ప్రెషర్ తెలియాల్సింది నీళ్లలో ఉన్నవాడికి.

అన్నిటికన్నా నాకు భయం ఆ పంపుతోనే. దాని ఫిల్టర్ చిన్నది. మన తీరంలో ఉక్కపోత తెలిసిందేగా, ఆ తేమ లోపలికి చేరి సిలిండర్‌ను తినేస్తుంది. నడుస్తున్న పడవ ఇంజిన్ పక్కన కూర్చుని పంపు కొట్టారనుకోండి, పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ కూడా సీసాలోకి వెళ్తుంది. దానికి వాసన ఉండదు. లోతుకు వెళ్లేకొద్దీ దాని పీడనమూ పెరుగుతుంది, 18 మీటర్ల దగ్గర 2.8 రెట్లు. గాలి డైవింగ్ కేంద్రంలోనే నింపించండి. సిలిండర్ మెడ మీద హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ బలం చూసే పరీక్ష) తేదీ చూశాకే డబ్బు కట్టండి.

ఇంకొకటి. ఈ బుల్లి సీసాను పిల్లలకు ఆటవస్తువులా ఇచ్చి చెరువులో దింపుతున్నవాళ్లూ రాస్తున్నారు. దయచేసి ఆపండి. లోపల ఆ గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే రెండు మీటర్ల లోతు నుంచి కూడా లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది.