బొమ్మ వేసే ముందు పేషెంట్ల బెంచీ మీద కూర్చుని చూడండి

ప్రశ్న: నమస్తే అక్కా, మాది చంద్రగిరి పక్కన పల్లె. మా హెల్త్ సెంటర్‌కి సున్నం కొట్టిస్తా ఉన్నారు, డాక్టరమ్మ నన్నూ మా ఫ్రెండ్స్‌నీ పిలిచి వెయిటింగ్ హాల్లో, టీకాల రూములో బొమ్మలు వేయమన్నారు. కొండలు, చెట్లు, మన కోట వేద్దామని ఉంది. ఏది ఎక్కడ వేయాలి, ఏ పెయింట్ వాడాలి? ఒక గోడకి కింద చెమ్మ కూడా ఉండాది.

జవాబు: తమ్ముడూ, మంచి పని పెట్టుకున్నారు, చాలా సంతోషం. ముందు చెమ్మ సంగతి తేల్చండి, పైపు లీకా, బయట నీళ్లు నిలబడతా ఉన్నాయా చూసి బాగుచేయించి గోడ బాగా ఆరినాకే బ్రష్ పట్టుకోండి, లేకపోతే ఎంత ఖరీదు పెయింటైనా పొక్కులొచ్చి పెచ్చులూడిపోతాది. బొమ్మలేసే గోడలకి సున్నం వద్దని ఇప్పుడే చెప్పేయండి, చేత్తో రుద్దితే తెల్లగా అంటుకునే గోడ మీద ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే పెయింట్) నిలవదు, పాత సున్నం ఉంటే గీకించి ప్రైమర్ (పెయింట్‌కి ముందేసే పూత) కొట్టాల్సిందే. పెయింట్ మాత్రం వాసన తక్కువుండే, తడిగుడ్డతో తుడిచినా పోని వాటర్ బేస్ యాక్రిలిక్ తీసుకోండి, దగ్గూ ఆయాసం ఉన్నోళ్లు వచ్చే చోటు కదా.

ఇక బొమ్మలు. మన చంద్రగిరి కోటలో ఉన్న రాజమహల్ మూడంతస్తులూ కట్టె వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టినారు, దాని అందమంతా ఆ ఆర్చీల్లోనే ఉంది. తిరుమల కొండ మీద శిలాతోరణం కూడా ఆర్చే, కాకపోతే అది ప్రకృతి చెక్కింది. అందుకే హాల్లో వరసగా రాజమహల్ ఆర్చీలు వేసి ఒక్కో దాంట్లోంచి శేషాచలం కొండలు, తలకోన జలపాతం కనబడేట్టు వేయండి, కోటా కొండా విడివిడిగా కాకుండా ఒకటే బొమ్మైపోతాది. ప్రతి రూము తలుపు మీదా ఒక గుర్తు పెట్టండి, ఓపీకి ఎర్రచందనం చెట్టు, మందుల రూముకి వేపకొమ్మ, అప్పుడు చదువురాని అవ్వకి కూడా 'వేపకొమ్మ రూముకి పో అవ్వా' అంటే చాలు.

1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలో ఒక ఆస్పత్రి రికార్డులు చూసి, ఆపరేషనైనాక కిటికీలోంచి చెట్లు కనబడినోళ్లు ఇటుకగోడ కనబడినోళ్ల కంటే ముందే ఇంటికెళ్లారని రాశాడు. అది కిటికీ సంగతి, మన బొమ్మ జబ్బు నయం చేస్తుందని ఎవరికీ చెప్పొద్దు. కానీ ఎదురుచూసే మనిషి కళ్లకి ఏం కనబడాలో అది చెబుతా ఉంది, అందుకే స్కెచ్ వేసే ముందు బెంచీ మీద కూర్చుని చూడండి.

టీకాల రూములో అయితే అమ్మ ఒళ్లో ఉన్న బిడ్డ చూపు ఎక్కడ పడతాదో అక్కడే, కిందికి వేయాలి. పైన వేస్తే పెద్దోళ్లు తప్ప ఎవరూ చూడరు. బండల సందుల్లో మన తిరుమల కొండల్లో ఉండే బంగారు బల్లిని సగం దాచి వేయండి, సూది వేసేటప్పుడు 'బల్లి యాడుందో చూపీ కన్నా' అనొచ్చు. దేవుడి బొమ్మలు వేయమని ఎవరైనా అడుగుతారు, అన్ని మతాలవాళ్లూ వచ్చే చోటు కాబట్టి కొండలతో ఆపేయడమే మేలని నా అభిప్రాయం. టీకాల చార్టులు, ఫోన్ నంబర్ల బోర్డులు ఎక్కడ తగిలిస్తారో నర్సమ్మని ముందే అడిగి ఆ జాగా వదిలేయండి.