అనాటమీ పేర్లు నోరు తిరగక నర్సింగ్ మానేస్తానంటోంది

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి ఇంటర్ దాకా తెలుగు మీడియం. గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ మొదటి సెమిస్టర్‌లో ఉంది, రోజూ రైల్లో వెళ్లొస్తుంది. అనాటమీ ఇంటర్నల్స్‌లో మార్కులు బాగా తగ్గాయి. చిన్నపేగు పాఠం దగ్గర ఆ పేర్లన్నీ కలిసిపోతున్నాయని ఏడుస్తోంది. మానేసి డిగ్రీలో చేరతానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈ ఒక్క కారణానికైతే మాన్పించకండి. అమ్మాయి ఇంటర్ జువాలజీలో ఆంత్రమూలం, జెజునం, శేషాంత్రికం చదివే వచ్చింది. ఇప్పుడు మొదటిది డుయోడినం, చివరిది ఇలియం అయ్యాయి. మధ్యలోది పాత పేరే. ఈ చిన్న సంగతి క్లాసులో ఎవరూ చెప్పకుండా స్లైడ్లు తిప్పుకుంటూ పోతే, తెలుగు మీడియం పిల్లలు తమకేమీ రాదనుకుని బెదిరిపోతారు.

రోజూ రైలెక్కే పిల్లకి అంగలకుదురు, సంగం జాగర్లమూడి, వేజెండ్ల అని ఎవరూ బట్టీ పట్టించలేదు కదా. పేగునూ అలా దారి వెంటే చదవమనండి. తిన్న ముద్ద జీర్ణాశయం దాటగానే వచ్చేది డుయోడినం. సుమారు 25 సెంటీమీటర్లు, క్లోమం తలను చుట్టుకుని ఉంటుంది. పైత్యరసం, క్లోమరసం వచ్చి పడేది దాని రెండో భాగంలో. పిత్తాశయంలోని రాయి జారి ఆ ద్వారం దగ్గర ఇరుక్కుంటే కామెర్లు ఎందుకొస్తాయో, క్లోమం ఎందుకు వాస్తుందో అప్పుడు విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మిగతా పేగులో దాదాపు ఐదింట రెండు వంతులు జెజునం, మూడు వంతులు ఇలియం. రెంటి మధ్య కచ్చితమైన హద్దు ఉండదు. జెజునం గోడ మందం, లోపల మడతలు ఎక్కువ. ఇలియంలో పేయర్స్ ప్యాచెస్ అనే రక్షణ కణాల గుంపులుంటాయి. టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లు పడితే సాధారణంగా ఇక్కడే. బీ12 విటమిన్ ఒంటికి పట్టేది కూడా ఇలియం చివర్లోనే, అందుకే ఆ భాగం కోసి తీసేసిన వాళ్లకు బీ12 ఇంజెక్షన్లు రాస్తారు.

పేరు చివరి ముక్కలు కూడా నేర్చుకోమనండి. ఐటిస్ అంటే వాపు, ఎక్టమీ అంటే కోసి తీసేయడం, ఆస్టమీ అంటే దారి తెరవడం. జెజునాస్టమీ చాలావరకు పేషెంటుకు ట్యూబుతో ఆహారం లోపలికి పంపడానికి. ఇలియాస్టమీలో ఇలియం చివరను పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలిస్తారు. అందులోకి వచ్చేది పల్చగా ఉంటుంది, నీళ్లూ ఉప్పూ ఎక్కువగా పోతాయి, చుట్టూ చర్మం ఒరుస్తుంది. సంచిలోకి ఎంత వచ్చిందో కొలిచి రాసేది, చర్మం చూసేది, ఇంటికెళ్లే ముందు మార్చుకోవడం నేర్పేది నర్సే. వార్డు పోస్టింగ్‌లో ఇలాంటి ఒక్క కేసు దగ్గరుండి చూసిన అమ్మాయి ఇలియాన్ని మళ్లీ మర్చిపోదు.

స్పెల్లింగ్ దగ్గర ఒక్క జాగ్రత్త. పేగు ఇలియానికి 'ఎల్' తర్వాత 'ఇ', తుంటి ఎముక ఇలియానికి 'ఎల్' తర్వాత 'ఐ'. పలకడం ఒకేలా ఉంటుంది కాబట్టి పరీక్షలో తేడా కొడుతుంది. ఇక మెడికోలు చదివే లావుపాటి పుస్తకాలు కొనిపెట్టకండి, ఆ బరువు చూస్తేనే టెన్షన్. నర్సింగ్ సిలబస్ పుస్తకం, బొమ్మలు గీసుకోవడానికి ఒక తెల్లకాగితాల నోట్‌బుక్ చాలు. రాత్రి అన్నం తిన్నాక మీకే ఆ బొమ్మ చూపించి తెలుగులో చెప్పమనండి. మీకు అర్థమైతే ఆమెకు వచ్చినట్టే.

అయితే ఒకటి అడిగి చూడండి, అది కూడా వాళ్ల అమ్మ చేత, నెమ్మదిగా. ఇబ్బంది పేర్లతోనా, వార్డుతోనా? రక్తం, వాసన, పేషెంటును ముట్టుకోవడం పడటం లేదంటే అది వేరే సంగతి. మార్కులు పెరిగినా అది పోకపోవచ్చు. అప్పుడు డిగ్రీ ఒక్కటే కాదు, ల్యాబ్, ఇమేజింగ్ కోర్సులూ ఉన్నాయి. మధ్యలో మానేస్తే ఫీజు, సర్టిఫికెట్ల విషయంలో మీ కాలేజీ నిబంధనలేమిటో ముందు రాతపూర్వకంగా తీసుకుని, ఆ కాగితంతో అమ్మాయిని వెంటబెట్టుకుని రండి.