మొదటిసారి లినక్స్‌కు మారుతున్నాను, ఏ డిస్ట్రో వేసుకోవాలి?

మీరు శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నారనీ, మీది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ అనీ, దానికి విండోస్ 11 ఎక్కదనీ రాశారు. సరిగ్గా అలాంటిదే మా బావమరిది దగ్గర ఒకటి ఉంది కనుక తడుముకోకుండా చెబుతున్నాను: లినక్స్ మింట్ వేసుకోండి, అందులోనూ పాత యంత్రాలకు తేలికగా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేసుకోండి. డిస్ట్రో అంటే విండోస్ బదులు వాడుకునే లినక్స్‌లో ఒక రకం, మింట్ అలాంటిదే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి మీ తొందర నాకు అర్థమవుతోంది. అయితే ఈ జవాబు నాకు ఊరికే దొరకలేదు. పలాసలో రెండు రోజుల దసరా సెలవులు దీనికే ఖర్చయ్యాయి.

మా బావమరిదిది జీడిపప్పు వ్యాపారం. బిల్లులూ లెక్కలూ ఆ ల్యాప్‌టాప్‌లోనే రాసుకుంటాడు. జీడి రసం అంటిన వేళ్లతో నొక్కీ నొక్కీ దాని ఎంటర్ మీట నల్లబడిపోయింది. పొద్దున్న బటన్ నొక్కి, టీ తాగి వచ్చేసరికి తెరుచుకునేంత నెమ్మదిగా ఉండేది. నేను లెక్కల మాస్టారిని, కంప్యూటర్లు కూడా నాకు తెలుసునన్న నమ్మకం మా ఇంటిల్లిపాదికీ ఉంది. ఆ నమ్మకంతోనే, అన్నిటికన్నా తేలికైనదని అంతర్జాలంలో ఎవరో మెచ్చుకున్న ఒక డిస్ట్రోను పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, ముందూ వెనకా చూడకుండా డిస్కు మొత్తం చెరిపి ఎక్కించాను. దాని పేరు చెప్పను, ఎందుకంటే తప్పు నా ఎంపికది. తెర చక్కగా వచ్చింది గానీ వైఫై గుర్తు ఎక్కడా కనిపించలేదు. ఆ వైఫై చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, విడిగా వేసుకోవాలట. వేసుకోవడానికి నల్ల తెరలో ఫలానా ఆదేశం ఇవ్వాలట, ఆ ఆదేశం పనిచేయాలంటే ఇంటర్నెట్ ఉండాలట. నూతిలో పడ్డవాడిని ఇంటికి వెళ్లి తాడు తెచ్చుకోమన్నట్టుంది. "ఏటి బావా, పాతదైతే నెమ్మదిగానైనా నెట్ పట్టేది, కొత్తదానికి అసలు పట్టదేటి?" అని వాడు అడిగితే, ఆ రాత్రి అన్నం దగ్గర నా దగ్గర సమాధానం లేదు. లెక్కల ఫైళ్లు ముందే వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టడం ఒక్కటే నేను చేసిన బుద్ధిమంతుడి పని.

మర్నాడు మింట్ తెచ్చి వేశాను. నిజం చెప్పాలంటే దానిలోనూ వైఫై రాలేదు, చిప్ అదే కదా. అయితే ఫోన్‌ను చార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్‌ను ఫోన్‌లో ఆన్ చేయగానే నెట్ వచ్చేసింది. మెనూలో డ్రైవర్ మేనేజర్ అని ఒకటి ఉంటుంది. అది ఆ చిప్ పేరు చూపించి, పక్కనే ఏ డ్రైవర్ మేలో కూడా రాసిపెట్టింది. నేను మౌస్ ముట్టుకోకుండా మా బావమరిది చేతనే దాన్ని ఎంచుకునేలా చేసి, పాస్‌వర్డ్ కొట్టించి, మళ్లీ ఆన్ చేయించాను. వీధిలోని వైఫైలన్నీ వరుసగా వచ్చాయి. పొరుగింటాయన తన వైఫైకి పెట్టుకున్న పేరు చదివి వాడు పడీ పడీ నవ్వాడు. రెండు డిస్ట్రోలలోనూ వచ్చిన ఇబ్బంది ఒకటే, కానీ రెండోదానిలో దాన్ని కంప్యూటర్ చదువుకోని మనిషి తన చేత్తో తీర్చుకున్నాడు. కొత్తవారికి అనుకూలం అన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే.

మొదటి డిస్ట్రోతోనే అన్నీ నేర్చుకోవాలంటూ కొత్తవారికి, అన్నీ చేత్తో అమర్చుకోవాల్సిన ఆర్చ్ లినక్స్ సూచించే పెద్దలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది ఈత రానివాడిని భాద్రపదంలో వరద నాగావళిలో దింపడమే. మింట్ 2006 నుంచి ఉంది, ఉబుంటు అనే మరో పెద్ద డిస్ట్రో పునాది మీద నడుస్తుంది కాబట్టి ఉబుంటు వాడుకరులకు దొరికిన పరిష్కారాలు చాలావరకు మీకూ పనికొస్తాయి. మింట్ 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. మీ డిగ్రీ చదువుకు అది చాలు. మింట్ వారు కనీసం 2 జీబీ ర్యామ్ ఉండాలని, 4 జీబీ అయితే హాయిగా నడుస్తుందని చెబుతారు. అయితే డిస్ట్రో ఎంత తేలికైనదైనా బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిస్తే మోయలేదు. చేతిలో డబ్బుంటే పాత హార్డ్ డిస్కు తీయించి, తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ డిస్కు వేయించండి, ఏ డిస్ట్రో ఇవ్వలేని వేగం అది ఇస్తుంది.

తెలుగు సంగతి మీరు అడగలేదు గానీ అడగాల్సింది. కీబోర్డు సెట్టింగ్‌లలో తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే మీటలకే తెలుగు అక్షరాలు కేటాయించిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో వెంటనే టైప్ చేయవచ్చు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటుంటే టైపింగ్ పద్ధతులు మార్చే ఐబస్ ప్రోగ్రామ్‌తో పాటు దానికి తోడైన ఎం17ఎన్ కూడా వేసుకోండి, అందులో అలా కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి ఉంది. మన జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారి పేరుతో వచ్చిన గిడుగు ఫాంటు ఉచితంగా దొరుకుతుంది, తెరిచి ఇన్‌స్టాల్ నొక్కితే చాలు. చిక్కంతా డీటీపీ దుకాణాలతోనే. అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి పద్ధతైన యూనికోడ్‌కు చెందని పాత ఫాంట్లలో కొట్టిన ప్రశ్నపత్రాలు మా బడికి ఇప్పటికీ వస్తుంటాయి, వాటిని మింట్‌లో ఉండే లిబ్రె ఆఫీసు అనే ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే కుక్కలు చించిన విస్తరిలా ఉంటాయి. మీకు అలాంటి పని ఉంటే విండోస్‌ను పూర్తిగా తీయకుండా, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాని పక్కనే మింట్‌ను పెట్టే ఎంపిక తీసుకోండి.

ఏదైనా సరే, నాలాగా డిస్కు చెరిపి తర్వాత చూడకండి. మింట్ ఫైలు 3 జీబీకి దగ్గరగా ఉంటుంది కాబట్టి 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. మింట్‌ను బూటయ్యేలా రాసిన ఆ పెన్‌డ్రైవ్ పెట్టి, దాని నుంచే ఆన్ చేస్తే, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే డెస్క్‌టాప్ వస్తుంది. అక్కడే వైఫై, శబ్దం, వెలుతురు తగ్గించే మీటలు చూడండి. మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తుందో లేదో కూడా చూడండి. మా బావమరిది ల్యాప్‌టాప్ మూత మూస్తే ఇప్పటికీ ఒక్కోసారి లేవదు. వాడు దాన్ని మూయడమే మానేసి, రాత్రిళ్లు మీద ఒక తువ్వాలు కప్పుతున్నాడు.