ప్లూటోని ఏడిపించకు

చిరంజీవికి ఆశీస్సులు.

ప్లూటోని కనుక్కున్న క్లైడ్ టాంబా మీద నువ్వు రాసిన జీవితకథ చదివాను. మొదటి పేజీ మొత్తం తీసెయ్. గ్రహం పదవి పోయిన ప్లూటో కోసం కన్నీళ్లు ఇప్పటికే చాలామంది కార్చేశారు. పైగా 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు ఓటేసి ఆ పదవి తీసేసేనాటికి టాంబా పోయి తొమ్మిదేళ్లు దాటింది. ఆయన మనసు విరిగినట్టు ఎలా రాశావయ్యా!

అసలు కథ నువ్వు రెండు వాక్యాల్లో దాటేసిన చోట ఉంది. వడగళ్లకు పంట పోయి కాలేజీ చదువు ఆగిపోయిన అమెరికాలోని కాన్సస్ రైతుబిడ్డ, సొంతంగా చేసుకున్న టెలిస్కోపులో చూసి గీసిన అంగారకుడు, గురుడి బొమ్మలు లోవెల్ అబ్జర్వేటరీకి పంపాడు. 1929లో పనిలోకి తీసుకున్నారు. ఆ పనేంటో చూపించు. 1930 జనవరి 23న, 29న ఆకాశంలో ఒకే భాగాన్ని తీసిన రెండు ఫొటో ప్లేట్లు. బ్లింక్ కంపారేటర్‌లో పెడితే ఓసారి ఇది, ఓసారి అది కళ్లముందుకొస్తాయి. నక్షత్రాలు కదలవు. కదిలే చుక్క కోసం ప్లేటంతా గాలించాలి. కదిలిందల్లా కొత్త గ్రహం కాదు, ఆస్టరాయిడ్లు, అంటే గ్రహశకలాలు, బోలెడు. అందుకే సూర్యుడికి ఎదురుదిక్కున ఉన్న భాగాన్నే ఫొటో తీసేవాడు. అక్కడ భూమి పరుగు వల్ల దగ్గరివి ఎక్కువగా, దూరానివి తక్కువగా జరిగినట్టు కనిపిస్తాయి. ఫిబ్రవరి 18న దొరికిన చుక్క కొంచెమే జరిగింది. అంటే నెప్ట్యూన్‌కి అవతలిది! ఇది అర్థమైతే పాఠకుడికి ఒళ్లు జలదరిస్తుంది. నువ్వు ‘అద్భుతం’ అనక్కర్లేదు.

ఖగోళ శాస్త్రవేత్త మైక్ బ్రౌన్‌ని విలన్ని చెయ్యకు. 2005లో ఆయన బృందం కనుక్కున్న ఎరిస్ బరువులో ప్లూటోని మించింది. ప్లూటో గ్రహమైతే మరి అదెందుకు కాదు? 1801లో దొరికిన సెరిస్‌నీ మొదట గ్రహమనే అన్నారు. అలాంటివి వరసగా బయటపడేసరికి ఆస్టరాయిడ్ల జాబితాలో వేశారు. ఈ ముక్క రాస్తే గొడవ ఎంత పాతదో తెలుస్తుంది.

గ్రహం అనిపించుకోడానికి ప్రాగ్‌లో పెట్టిన మూడు షరతుల్లో సూర్యుడి చుట్టూ తిరగాలి, గుండ్రంగా ఉండాలి అన్న రెండూ ఒక్క వాక్యంలో తేల్చెయ్. పేచీ అంతా మూడోదానితోనే: తన కక్ష్య చుట్టుపక్కల మరేదీ లేకుండా తుడిచిపెట్టుకోవాలట. భూమంత గోళాన్ని ప్లూటో కన్నా బాగా దూరంలో పెడితే అదీ ఆ పని చెయ్యలేదు కదా అని అలన్ స్టెర్న్ లాంటి శాస్త్రవేత్తల వాదన. ‘కొందరు ఒప్పుకోలేదు’ అని దాటెయ్యకుండా ఆ వాదన పూర్తిగా వినిపించు.

ప్లూటోని చూడ్డానికి పంపిన న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌకలో వెళ్లిన టాంబా చితాభస్మం సంగతి ముగింపు నుంచి తీసి మధ్యలో ఎక్కడైనా ఒక్క వాక్యంగా పెట్టు. దిద్దాక మళ్లీ పంపు.