పేటెంటా, పేపరా అనేదానికి ముందు: హక్కు ఎవరి పేరున ఉంది?

మీ ప్రశ్న సారాంశం ఇది: ప్రభుత్వ నిధులతో నడిచే మీ ల్యాబ్‌లో నీటిలోని భార లోహాలను పసిగట్టే సెన్సర్ తయారైంది. వచ్చే నెల కాన్ఫరెన్స్‌లో పోస్టర్ పెట్టాలి. ఈలోగా ఒక కంపెనీ వచ్చి లైసెన్సు తమకొక్కరికే కావాలంటోంది. ముందు పేటెంటా, పేపరా, లైసెన్సా?

నేను ప్రభుత్వ పరిశోధన సంస్థల్లో టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ పనిలో, అంటే ల్యాబ్‌లో తయారైనదాన్ని కంపెనీలకు అందించే పనిలో, చాలా ఏళ్లుగా ఉన్నాను. నా అనుభవంలో ఈ మూడింటికన్నా ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. కాగితాల ప్రకారం ఆ సెన్సర్ మీద హక్కు ఎవరిది?

"సంస్థదే, ఇంకెవరిది?" అని దాదాపు అందరూ అంటారు. నేను దగ్గర నుంచి చూసిన ఒక సంస్థలో, తుప్పు పట్టకుండా వేసే పూత విషయంలో కూడా అలాగే అనుకున్నారు. కంపెనీ నమూనాలు పరీక్షించుకుంది, రాయల్టీ కూడా కుదిరింది. సంతకాల ముందు వాళ్ల లాయర్లు, ఆవిష్కర్తలు ఒక్కొక్కరూ సంస్థకు హక్కులు రాసిచ్చిన పత్రాలు చూపించమన్నారు. వాళ్లలో ఒకరు వేరే యూనివర్సిటీ నుంచి వచ్చి కొన్నాళ్లు పనిచేసి వెళ్లిన విద్యార్థి. అతను చేరినప్పుడు ఎవరూ ఏ కాగితం మీదా సంతకం తీసుకోలేదు. ఆ యూనివర్సిటీ తనకూ వాటా ఉందంది, అలా అడగడంలో తప్పూ లేదు. రెండు సంస్థల మధ్య ఉత్తరాలు నడుస్తుండగానే కంపెనీ వేరే పూత చూసుకుని వెళ్లిపోయింది. ఆ పూత నిజంగా మంచిది. అది ల్యాబ్ దాటి రాకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

పెద్ద యూనివర్సిటీలకూ ఈ చిక్కు తప్పలేదు. స్టాన్‌ఫర్డ్‌కూ రోష్ కంపెనీకీ మధ్య కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2011లో తేలింది. రక్తంలో హెచ్‌ఐవీ ఎంత ఉందో కొలిచే పద్ధతి గురించి ఆ గొడవ. ఒక పరిశోధకుడు హక్కులు రాసిస్తానని స్టాన్‌ఫర్డ్‌కు ఒప్పుకున్నాడు. తర్వాత పీసీఆర్ (కొద్దిపాటి డీఎన్‌ఏను ఎన్నో రెట్లు పెంచే పద్ధతి) నేర్చుకోవడానికి సీటస్ అనే కంపెనీకి వెళ్లినప్పుడు అక్కడ ఇంకో పత్రం మీద సంతకం పెట్టాడు. అందులో, ఇందుమూలంగా రాసిస్తున్నాను అని ఉంది. మొదటిది ఇక ముందు ఇస్తానన్న మాట, రెండోది అప్పటికప్పుడు ఇచ్చేయడం. సీటస్ పీసీఆర్ వ్యాపారం ఆ తర్వాత రోష్ చేతికి వచ్చింది. ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధన కాబట్టి అలాంటి పరిశోధనల హక్కుల గురించి అమెరికా 1980లో చేసిన బే-డోల్ చట్టం కింద హక్కు దానంతటదే యూనివర్సిటీకి వస్తుందన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. ప్రభుత్వ సంస్థల్లో పనిచేసే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన తీర్పు ఇది.

కాబట్టి ఈ వారమే కూర్చుని ఒక జాబితా రాయండి. సెన్సర్ ఆలోచనలో చేయి ఉన్నవాళ్లు ఎవరెవరు, అప్పట్లో వాళ్ల జీతం లేదా ఫెలోషిప్ ఎవరిచ్చారు, ఏ గ్రాంటులో ఏ షరతు ఉంది, వేరే ల్యాబ్ నుంచి తెచ్చుకున్న పదార్థం ఏదైనా వాడారా, దాని ఒప్పందంలో ఏముంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పేపర్ మీద పేరు ఉన్నవాళ్లంతా ఆవిష్కర్తలు కారు. పరికరం నడిపి కొలతలు తీసినవాళ్లు, ల్యాబ్ పెద్ద అన్న గౌరవంతో పేరు చేర్చినవాళ్లు పేపర్‌లో ఉండొచ్చు. పేటెంట్‌లో మాత్రం, క్లెయిముల్లో (మాకు హక్కు కావాల్సింది ఇంతవరకు అని దరఖాస్తులో రాసే వాక్యాల్లో) ఉన్న ఆలోచనకు నిజంగా తోడ్పడినవాళ్లే ఉండాలి. ఎక్కువ పేర్లు రాసినా, ఉండాల్సిన పేరు వదిలేసినా, కొన్ని దేశాల్లో పేటెంటే పోయే ప్రమాదం ఉంది. పెద్దవాళ్లతో ఈ మాట మాట్లాడటం ఎంత ఇబ్బందో నాకు తెలుసు. అయినా ఇప్పుడు మాట్లాడటమే నయం, లేదంటే తర్వాత కోర్టులో మాట్లాడాల్సి వస్తుంది.

ఇక పోస్టర్. పేటెంట్ దరఖాస్తు వేయకుండా పోస్టర్ పెట్టకండి, ముందే బయటపెడితే అది ఇక కొత్తది కాదని పేటెంట్ దక్కకపోవచ్చు. అమెరికాలో బయటపెట్టిన తర్వాత కూడా దరఖాస్తు వేయడానికి ఏడాది వెసులుబాటు ఉంటుంది, యూరప్‌లో దాదాపు ఉండదు. కాన్ఫరెన్స్ వాళ్లు సారాంశాన్ని పోస్టర్‌కన్నా ముందే ఆన్‌లైన్‌లో పెడతారు, ఆ తేదీ కనుక్కోండి. లైబ్రరీకి చేరిన థీసిస్ కూడా బయటపెట్టినట్టే లెక్క. డీఎన్‌ఏ ముక్కలను అతికే కోహెన్-బోయర్ పద్ధతి పేపర్ 1973 నవంబరులో వచ్చింది, పేటెంట్ దరఖాస్తు 1974 నవంబరులో, ఏడాది గడువు ముగియబోతుండగా పడింది. అమెరికాలో హక్కు దక్కింది, ఇతర దేశాల్లో పోయింది.

ప్రొవిజనల్ (తేదీని ఖాయం చేసుకోవడానికి వేసే తాత్కాలిక దరఖాస్తు) లేదా మొదటి దరఖాస్తు వేస్తే పేపర్ ఆపాల్సిన పని లేదు. కానీ పోస్టర్‌నే దరఖాస్తుగా పంపేసి ఊరుకోకండి. అందులో వివరంగా రాసిన దానికే ఆ తేదీ వర్తిస్తుంది. ఏ పదార్థాలు, ఏ మోతాదులు, ఇంకే రకాలుగా చేయొచ్చు, అన్నీ రాయించండి. అక్కడి నుంచి 12 నెలల్లో పీసీటీ దరఖాస్తు (చాలా దేశాలకు కలిపి ఒకేసారి వేసే అంతర్జాతీయ దరఖాస్తు), మొదటి తేదీ నుంచి సాధారణంగా 30 నెలల్లో దేశాలవారీ దరఖాస్తులు. అసలు ఖర్చు ఆ చివరి దశలోనే మీద పడుతుంది. అప్పటికి లైసెన్సు తీసుకునేవాళ్లు దొరక్కపోతే వదిలేయడానికి సంస్థ వెనకాడకూడదని నా అభిప్రాయం. వార్షిక నివేదికలో పేటెంట్ల సంఖ్య చూపించుకోవడానికి ఫీజులు కట్టుకుంటూ పోవడం ప్రజాధనాన్ని వృథా చేయడమే.

లైసెన్సు ఒక్కరికే ఇవ్వాలా అన్నది టెక్నాలజీని బట్టి ఉంటుంది. కోహెన్-బోయర్ పద్ధతి అందరికీ పనికొచ్చే పనిముట్టు కాబట్టి అడిగిన వాళ్లందరికీ ఇచ్చారు. పేటెంట్ 1997లో ముగిసేసరికి 468 కంపెనీలు తీసుకున్నాయి, దాదాపు 25.5 కోట్ల డాలర్లు వచ్చాయి. అలాంటివి అరుదు, ఆ అంకెను చూసి ఆశలు పెంచుకోవద్దు. మీ సెన్సర్‌ను అమ్మకానికి తేవాలంటే కంపెనీ సొంత డబ్బుతో తయారీ, ధ్రువీకరణ అన్నీ చేయాలి కాబట్టి ఒక్కరికే అని అడగడం న్యాయమే. ఇవ్వండి, కానీ తాగునీటికి మాత్రమే అనో, ఫలానా దేశాలకనో హద్దు పెట్టండి. ఫలానా తేదీకి నమూనా, ఫలానా తేదీకి అమ్మకం అని మైలురాళ్లు రాయించి, తప్పితే హక్కు వెనక్కి వచ్చేలా చూడండి. ఆ షరతు లేకపోతే, పోటీ రాకుండా తీసుకుని అటక మీద పెట్టేసినా మీరేం చేయలేరు. పరిశోధనకూ బోధనకూ మీరూ, ఇతర ప్రభుత్వ సంస్థలూ వాడుకునే హక్కు అట్టిపెట్టుకోండి. ఈ ఒక్కదాని మీద మాత్రం బేరానికి దిగవద్దు.

ఈలోగా కంపెనీకి ఏం చెప్పాలంటే, సెన్సర్ ఎంత తక్కువ మోతాదును పట్టగలదు, ఎంతసేపట్లో చెబుతుంది అన్నంతవరకు చూపించండి. ఎలా చేశారన్నది దరఖాస్తు పడేదాకా, గోప్యతా ఒప్పందం మీద సంతకాలు అయ్యేదాకా చెప్పకండి. ఆ ఒప్పందంపై మీరు సొంతంగా సంతకం పెట్టకుండా మీ టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకు పంపండి.